డి బ్యాచ్‌లో ఒక్క నంబరు

"వాళ్ళిద్దరూ ఎక్కడా ఎదురుపడకుండా చూసే పూచీ మాదమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. ఆ మాటలో ఎంత తేనె ఉందంటే, వెంటనే థాంక్స్ చెప్పేసి లేచిపోవాలనిపించింది. నేను లేవలేదు. పక్క కుర్చీలో మా అక్క కూతురు తన చేతిగోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

దీన్ని మేము కందిరీగ అంటాం. మా ఆయన పెట్టిన పేరు. చదువుకోసం మా ఇంటికి వచ్చి రెండేళ్ళు దాటింది. వచ్చిన రోజునుంచీ ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు, నోరు మూసింది లేదు. కాలేజీ గేటుకి ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. క్లాసులయ్యాక అక్కడికొచ్చి, కాగితాలు సర్దుతూ, ఏ లెక్చరర్ ఎలా దగ్గుతాడో చేసి చూపించేది. అలాంటి పిల్ల ఇప్పుడు ఇంట్లో ఉందో లేదో తెలియకుండా తిరుగుతోంది.

ఫిజిక్స్ ల్యాబ్‌లో ప్రయోగాలు ఇద్దరిద్దరు కలిసి చేస్తారు. దీని జతగాడు ల్యాబ్‌లోనే దీన్ని బలాత్కారం చేశాడు. ఆ మాట అనడానికి అందరికీ నోరు రాదు. మా అక్క ఫోన్లో ఏడుస్తూ, "పాడు చేశాడా?" అని అడిగింది. పాడైంది వాడక్కా, మన పిల్ల కాదు, అన్నాను. అంతకంటే వివరంగా కందిరీగ ఒకసారి నాకు చెప్పింది, ఒకసారి కమిటీకి చెప్పింది. ఇంకోసారి ఎవరికోసమూ చెప్పక్కర్లేదు.

పోలీసుల దగ్గరికి వెళ్దామని నేనంటే మా బావ, అంటే దీని నాన్న, ఫోన్లోనే కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఒక్కగానొక్క పిల్లమ్మా. కాలేజీలోనే చూడనీ. పేరు బయటికి పొక్కిందంటే మాత్రం చదువూ వద్దు, ఏమీ వద్దు, తీసుకొచ్చేస్తాను." ఆయన మాట అంటే మాటే. ఇది ఆఖరి సంవత్సరం. అందుకని కందిరీగ కూడా కాలేజీ కమిటీకే మొగ్గు చూపింది.

కమిటీ నెలల తరబడి కూర్చుంది. పక్క గదిలో అంతమంది ఉంటే ఎందుకు అరవలేదని అడిగింది. అంతకుముందు వాడితో నవ్వుతూ మాట్లాడేదానివి కదా అని అడిగింది. చివరికి జరగకూడనిది జరిగిందని తేల్చింది. చూడండి, "జరిగింది." వాన పడినట్టు, కరెంటు పోయినట్టు, దానంతట అదే జరిగిందన్నమాట. చేసినవాడు ఆ వాక్యంలో ఎక్కడా లేడు.

ఇప్పుడు ప్రిన్సిపాల్ మమ్మల్ని పిలిచింది ఆ ముక్క చెప్పడానికే.

"టైంటేబుల్‌లో ఇలాంటివి వస్తూనే ఉంటాయమ్మా," అన్నాడాయన. "ఒకే గంటకి ఒకే మనిషికి రెండు క్లాసులు పడితే క్లాష్ అంటాం. ఇదీ ఒక క్లాష్ అనుకోండి. మా టైంటేబుల్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ సర్దేస్తారు."

"ఎవరిని సర్దుతారు సార్?"

"అమ్మాయిని వేరే బ్యాచ్‌లో వేస్తాం."

"అబ్బాయిని వెయ్యొచ్చుగా?"

"అతన్ని మారిస్తే శిక్ష వేసినట్టవుతుందమ్మా. రిపోర్టు పైకి పంపాం. నిర్ణయం అక్కణ్ణించి రావాలి. అప్పటిదాకా చర్య తీసుకోకూడదు."

"మరి మా పిల్లని మారిస్తే?"

"అది సాయమండీ," అన్నాడు, నేనేదో పడకూడని అనుమానం పడ్డట్టు మొహం పెట్టి.

మారేది అదే ఒక్క క్లాసు. వాడు మారితే శిక్షట, ఇది మారితే సాయమట. ఏదో అనబోతుంటే కందిరీగ నా మోచెయ్యి పట్టుకుంది.

"నా పేరు బయటికి రాదు కదా సార్?" అని అడిగింది.

"గోడకి కూడా తెలియనివ్వం తల్లీ."

అది తల ఊపింది. దానికి కావలసింది ఆ ఒక్క మాట. ల్యాబ్ పూర్తి చేసి, పరీక్ష రాసి, డిగ్రీ చేతికి తీసుకుని బయటపడాలి. అంతకుమించి ఆ కాలేజీనుంచి ఏదైనా ఆశించడం అది ఎప్పుడో మానేసింది. నేను మానలేదు, అదే నా రోగం.

కాలేజీకి సహాయ కేంద్రం కూడా ఉంది, లేదనకూడదు. మెట్లకింద, విరిగిన బల్లలు పడేసే గదికి కొత్త బోర్డు తగిలించారు. తాళంచెవి ఉన్నావిడ మొదట సెలవులో ఉంది. సెలవయ్యాక కందిరీగని కూర్చోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి నెమ్మదిగా వదలమని చెప్పి, మధ్యలో ఫోనొస్తే బయటికి వెళ్ళిపోయింది. ఏమైనా పని చేసిందా అని అడిగాను. "ఊపిరి ఆడుతోంది పిన్నీ. వెళ్ళకముందు కూడా ఆడింది," అంది.

టైంటేబుల్ మేడమ్‌ని కాలేజీలో అందరూ గళ్ళ మేడమ్ అంటారు. ఆవిడ చెప్పేది ఫిజిక్సే కానీ పేరొచ్చింది గళ్ళతో. పెద్ద అట్టమీద స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఒక్కో సెక్షన్‌కి ఒక్కో రంగు పెన్సిలుతో నింపుకుంటూ పోతుంది. కంప్యూటర్లో చెయ్యొచ్చు కదా అంటే వద్దంటుంది. చేతిరుమాలు కూడా గళ్ళదే వాడుతుందని పిల్లలు నవ్వుకుంటారు. ఆవిడ వేసిన టైంటేబుల్‌లో క్లాష్ పడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

తర్వాతి వారం క్లాస్ లీడర్ అమ్మాయి కొత్త టైంటేబుల్ పట్టుకుని నా షాపుకొచ్చింది.

"ఆంటీ, క్లాసు మొత్తానికి తలా ఒకటి తియ్యండి."

అద్దం తుడిచి, కాగితం బోర్లా పెట్టి, మూత వేశాను. మొదటి కాపీ ఎప్పుడూ పట్టి చూస్తాను, అంచులు తెగాయా, నల్లగీత పడిందా అని. అంచులు బాగానే ఉన్నాయి. కిందివైపు ఫిజిక్స్ ల్యాబ్ బ్యాచ్‌లు వేశారు. 'ఏ' బ్యాచ్ కింద ఒక గుంపు రోల్ నంబర్లు. బి కింద ఒక గుంపు. సి కింద ఒక గుంపు. డి బ్యాచ్, సాయంత్రం, కాలేజీ వదిలాక. దాని కింద ఒక్క నంబరు.

ఆ నంబరు నాకు కొత్త కాదు. దాని రికార్డు బుక్కులకి, పరీక్ష దరఖాస్తులకి నా చేత్తో ఎన్నిసార్లు కాపీలు తీశానో. రెండో కాపీ బయటికి వస్తుండగా పేపర్ ట్రే లాగేశాను. మిషన్ గుర్రుమని ఆగిపోయింది.

"పేపరు ఇరుక్కుందమ్మా. సాయంత్రం రా," అన్నాను.

"పర్లేదు ఆంటీ, తొందరేం లేదు. బోర్డు మీద పెట్టేశారుగా," అంది ఆ అమ్మాయి.

షాపు అలాగే వదిలేసి, ఇంకా వేడిగా ఉన్న కాపీ చేత్తో పట్టుకుని రోడ్డు దాటాను. వాచ్‌మన్ ఏదో అడిగాడు, వినిపించుకోలేదు. నోటీసు బోర్డు ముందు పిల్లలు గుమిగూడి ఉన్నారు.

"డి బ్యాచ్‌కి ఒక్కరేంట్రా?"

"ఎవరో వీఐపీ. సాయంత్రం స్పెషల్ దర్శనం."

నలుగురూ నవ్వారు. అప్పుడు ఒకడు తల గోక్కుంటూ, "ఆ నంబరు వాడి జతది కదా?" అన్నాడు. నవ్వు టక్కున ఆగిపోయింది. వాణ్ణి కమిటీ పిలిచిందని కాలేజీలో అందరికీ తెలుసు. ఎవరు ఫిర్యాదు చేశారన్నదే తెలియదు. ఇన్నాళ్ళూ విప్పలేని పొడుపుకథకి జవాబు దొరికినట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. గోడకి తెలియనివ్వమన్నది గోడమీదే అంటించారు.

వాడూ అక్కడే ఉన్నాడు. వెనకాల నిలబడి, పొడుగ్గా ఉంటాడు కాబట్టి అందరి తలలమీదుగా చదువుకున్నాడు. వాడి నంబరు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అదే బ్యాచ్, అదే గంట. చూసుకుని క్యాంటీన్ వైపు వెళ్ళిపోయాడు.

గళ్ళ మేడమ్ స్టాఫ్ రూమ్‌లో తన అట్ట ముందు కూర్చుని, చేతికంటిన రబ్బరు పొట్టు దులుపుకుంటోంది. నేనెవరో చెబితే కుర్చీ లాగి కూర్చోమంది. ఆవిడ మొహంలో సంతోషం ఉంది.

"చూడండమ్మా," అంటూ అట్ట నా వైపు తిప్పింది. "కాలేజీ మొత్తంలో వాళ్ళిద్దరూ ఒక్క గంట కూడా ఒకచోట ఉండరు. లైబ్రరీ పీరియడ్ కూడా విడగొట్టాను. మెట్లమీద కూడా ఎదురుపడరు, చూడండి, ఆ అబ్బాయి దిగేసరికి అమ్మాయి పై అంతస్తులో ఉంటుంది. ఒక్క క్లాష్ చూపించండి."

"మేడమ్, డి బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కరే. అదేగా మరి..." అని ఆగిపోయింది. చేతిలో ఉన్న రంగు పెన్సిలు బల్లమీద పెట్టింది. అట్ట వంక చూసింది, నా చేతిలో కాపీ వంక చూసింది. "అయ్యో, నేను క్లాష్‌లే చూసుకున్నానమ్మా," అంది చాలా చిన్నగా.

చెడ్డమనిషైతే నాలుగు దులిపేసి నా దారిన నేను పోయేదాన్ని. చెడ్డమనిషి కాదు. చెప్పిన పని చెప్పినట్టు, వంక పెట్టడానికి లేకుండా చేసింది. ఎవరినీ తిట్టడానికి లేకపోవడంతో నాకు ఒళ్ళు ఇంకా మండింది. ఇద్దరం కలిసి బోర్డు దగ్గరికి వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ ఎదురొచ్చాడు. "ఇప్పుడు తీసేస్తే ఇంకా అనుమానం వస్తుంది మేడమ్. ఉండనివ్వండి, నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు," అన్నాడు.

కందిరీగ షాపుకి వచ్చేసరికి దానికి అన్నీ తెలుసు. ఎవరో బోర్డు ఫొటో తీసి దాని ఫోన్‌కే పంపారు. దాని నంబరు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన నవ్వుతున్న బొమ్మ పెట్టారు. మిషన్ వెనకాల చిన్న స్టూలుమీద కూర్చుంది.

"నాన్నకి నువ్వు చెప్పకు పిన్నీ. నేనే చెప్తా," అంది.

చెప్పింది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసి, "రేపు వస్తున్నాడట," అంది.

మా బావ వడ్రంగి. ఎక్కడో తలుపులు బిగిస్తున్నవాడు మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, తలలో రంపంపొట్టు ఉంది, భుజాన పనిముట్ల సంచి ఉంది. కాళ్ళు కడుక్కోకుండానే, "సామాన్లు సర్దుకోమ్మా," అన్నాడు.

"బావగారూ, పరీక్షలు ముందున్నాయి," అన్నాను.

"ఉండనీ. నీ ఇంట్లో ఉంటే నా పిల్ల భద్రంగా ఉంటుందనుకున్నానమ్మా. నిన్ను అనడం లేదు. ఇప్పుడు ఆ బడుద్ధాయిలంతా నా కూతురి నంబరు చుట్టూ గీతలు గీస్తుంటే నేను అక్కడ ఎలా పని చేసుకోను?" సంచి భుజంమీద సర్దుకున్నాడు. "దాని మంచికే చెబుతున్నా."

"కాలేజీ కూడా నా మంచికే మార్చింది నాన్నా," అంది కందిరీగ.

అది లోపలికి వెళ్ళి రికార్డు బుక్కు తెచ్చుకుంది. "ఇవాళ సాయంత్రం నా ల్యాబ్. అక్కడ నిలబడగలనో లేదో నాకే తెలియదు. ఒక్కసారి వెళ్ళి చూసుకోనీ. చెయ్యలేకపోతే నేనే సర్దుకుంటా, నువ్వు చెప్పక్కర్లేదు."

ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. "పద, నేనూ వస్తా," అన్నాడు చివరికి. సంచి దించాలన్న ఆలోచన కూడా రాలేదేమో, భుజాన వేసుకునే బయల్దేరాడు. నేను షాపు ముందే కట్టేశాను.

కాలేజీ ఖాళీ అయిపోయింది. వరండాల్లో బెంచీలు గోడవారకి జరిపి ఊడుస్తున్నారు. ల్యాబ్ ముందు గళ్ళ మేడమ్ ఒక్కతే నిలబడి ఉంది. డి బ్యాచ్‌కి ఎవరు రావాలా అని లెక్చరర్లు నీళ్ళు నములుతుంటే తనే వస్తానందట. "జతగా నేనుంటానమ్మా. నువ్వు చూసి చెప్పు, రీడింగులు నేను రాస్తాను," అంది కందిరీగతో. మా బావకి నమస్కారం పెట్టింది. ఎవరో మనిషి మనల్ని మనిషిలా పలకరించి ఎన్నాళ్ళయిందా అనిపించింది నాకు.

ల్యాబ్ మధ్యనుంచి నడిపించుకుంటూ చివరనున్న తలుపు దగ్గరికి తీసుకెళ్ళి తాళం తీసింది. లోపల గోడలకి నల్లరంగు, కిటికీకి నల్లగుడ్డ. మధ్యలో బల్ల, దానిమీద దుర్భిణి లాంటి పరికరం. వెలుగుకి సంబంధించిన ప్రయోగాలు చీకట్లో చెయ్యాలట. అందుకే దాన్ని చీకటిగది అంటారు.

కందిరీగ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఈ గదా మేడమ్?"

"ఈ టైముకి ఇదొక్కటే ఖాళీగా..." అంటూ మేడమ్ దాని మొహం చూసింది. కమిటీలో ఆవిడ లేదు. ఏ ఇద్దరు ఎదురుపడకూడదో చెప్పారు కానీ, ఎక్కడ జరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తట్టలేదు. టైంటేబుల్‌లో గదికి క్లాష్ అంటే ఒకే గంటకి ఇద్దరు అడగడం, అంతే.

"మనిషిని తప్పించారు. గది మాత్రం అదే ఇచ్చారు," అంది కందిరీగ. దాని గొంతులో ఏడుపు లేదు. రీడింగు చదివి చెప్పినట్టు చెప్పింది.

మా బావకి అప్పుడు అర్థమైంది. ల్యాబ్‌లో జరిగిందని మాత్రమే ఆయనకి తెలుసు. తండ్రికి చెప్పగలిగినంతే అది చెప్పింది. ఆయన గుమ్మంలోకి వచ్చి, కూతురు ఎటు చూస్తోందో అటు చూశాడు. తలుపు లోపలివైపు ఇనపగడియ ఉంది. చెయ్యంత పొడుగు, నల్లరంగే.

"వేశాడా?" అని అడిగాడు.

"ఊఁ."

సంచి నేలమీద పెట్టాడు. స్క్రూ డ్రైవర్ తీశాడు.

"అయ్యా, అది కాలేజీది," అంది మేడమ్.

"తెలుసమ్మా," అన్నాడు మర్యాదగానే.

నా పెళ్ళికి ముందునుంచీ ఆయన పని చూస్తున్నాను. తలుపు బిగించినా, విప్పినా చెయ్యి తడబడటం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు స్క్రూ డ్రైవర్ గాటులోంచి పదేపదే జారిపోయింది. వేలు కోసుకుంది, చొక్కాకి తుడుచుకున్నాడు. ఒక్కో స్క్రూ వచ్చినకొద్దీ జేబులో వేసుకున్నాడు. గడియ చేతికి ఊడి వచ్చాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలో పడేశాడు. తర్వాత తలుపుని బార్లా తెరిచి, గది వైపు వీపు పెట్టి గుమ్మంలో నిలబడ్డాడు.

కందిరీగ లోపలికి వెళ్ళింది. మొదట బల్ల అంచు పట్టుకుని ఊరికే నిలబడింది. నేను వెళ్ళబోతే మా బావ తల అడ్డంగా ఊపాడు. కొంతసేపటికి అది వంగి పరికరానికి కన్ను ఆనించింది. ఒక అంకె చెప్పింది. మేడమ్ రాసింది. తలుపు తెరిచి ఉంటే వెలుతురు పడి కనిపించాల్సిన గీత సరిగ్గా కనిపించదట. మేడమ్ తలుపు వెయ్యమని అనలేదు. రీడింగులు సగం తప్పొచ్చాయి. ఆవిడ కింద సంతకం పెట్టేసింది.

ఇంటికొచ్చే దారిలో, గళ్ళ మేడమ్ లెక్క తప్పినప్పుడు పెన్సిలుతో నుదురు ఎలా గీరుకుంటుందో కందిరీగ చేసి చూపించింది. ఆ వేషాలు చూసి ఎన్ని నెలలైందో. నేను రోడ్డుమీదే నవ్వేశాను, కళ్ళనీళ్ళు వచ్చాయి. మా బావ నవ్వలేదు. "సామాన్లు ఇప్పుడేం తొందర, పరీక్షలు కానీ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ కబురు పెట్టాడు.

గడియ లేకపోవడం ఊడ్చేవాళ్ళు చూసి ఆఫీసులో చెప్పారట. మేము ముగ్గురం వెళ్ళేసరికి గళ్ళ మేడమ్ అప్పటికే గోడవారగా నిలబడి ఉంది. ఆ అబ్బాయి సంగతి పైనుంచి ఏమైనా వచ్చిందా అని అడిగాను. ఇంకా రాలేదన్నాడు ప్రిన్సిపాల్. గడియ సంగతి మాత్రం అప్పుడే టైపు చేయించి బల్లమీద పెట్టుకున్నాడు. కళాశాల ఆస్తికి నష్టం. బయటి వ్యక్తి ల్యాబ్‌లో ప్రవేశం. క్రమశిక్షణ చర్య.

"ఎవరి మీద చర్య సార్?" అన్నాడు మా బావ.

"మీరు మా విద్యార్థి కాదు కదండీ. అమ్మాయి మీదే తీసుకోవాలి. పైనుంచి నిర్ణయం వచ్చేదాకా ల్యాబ్‌కి రాకూడదు."

ల్యాబ్‌కి రాకపోతే ప్రాక్టికల్ పరీక్ష ఉండదు. పరీక్ష లేకపోతే ఏడాది పోయినట్టే. వాణ్ణి ఒక్క బ్యాచ్ మార్చడానికి పనికిరాని రూలు దీని ఏడాది మింగడానికి ఎంత చక్కగా పనికొచ్చిందో.

"దీనికి విచారణ వద్దా సార్?" అన్నాను. నా నోరు నేను ఆపుకోలేకపోయాను. "సాక్షులని పిలవరా? నెలల తరబడి కూర్చోరా? పక్కన అంతమంది ఉంటే ఎందుకు అరవలేదని ఆ గడియని అడగరా?"

"ఇందులో విచారించడానికేముందమ్మా," అన్నాడాయన, కోపం తెచ్చుకోకుండా. "గడియ లేదు. కళ్ళకి కనిపిస్తూనే ఉంది."

"సార్, ఆ గది వేసింది నేను. తప్పు నాది," అంది గళ్ళ మేడమ్.

"మీకిప్పుడు క్లాసుంది కదా మేడమ్."

ఆవిడ గోడ గడియారం చూసుకుంది. క్లాసున్నట్టే ఉంది. అయినా వెళ్ళలేదు, మళ్ళీ మాట్లాడనూ లేదు.

ప్రిన్సిపాల్ గొంతు తగ్గించాడు. "చూడండి, పెద్దవాళ్ళు మీరు. ఆవేశంలో చేశారు, నాకు తెలియదా? దీన్ని సాగదియ్యడం నాకూ ఇష్టం లేదు. గడియ మళ్ళీ బిగించేసి, పొరపాటైందని ఒక్క ముక్క చెప్పండి. ఈ కాగితం నేనే చింపేస్తాను. అమ్మాయి ఈ సాయంత్రంనుంచే ల్యాబ్‌కి రావచ్చు. నేను చెయ్యగలిగిన సాయం ఇది."

మా బావ క్షణం కూడా ఆలోచించలేదు. "పొరపాటే సార్. బిగించేస్తాను. పిల్ల చదువుకోవాలి," అన్నాడు. చదువూ వద్దు, ఏమీ వద్దు అన్న మనిషి ఆయనే. చేతులు జోడించాడు కూడా. ఆయన అలా నిలబడటం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

అందరం చీకటిగది దగ్గరికి వెళ్ళాం. ప్రిన్సిపాల్ కూడా వచ్చాడు, పని పూర్తయిందని చూసుకోవాలి కదా. మా బావ సంచిలోంచి గడియ తీసి తలుపుకి ఆనించి పట్టుకున్నాడు. పాత రంధ్రాలు అక్కడే ఉన్నాయి. ఒక స్క్రూ పెట్టి తిప్పాడు. అది సాఫీగా లోపలికి దిగింది. రెండోది జేబులోంచి తీసి, చేతిలో పట్టుకుని, కూతురి వైపు తిరిగాడు.

"ఏమ్మా, పెట్టెయ్యనా?"

ఇన్ని నెలల్లో దాన్ని అందరూ అన్నీ అడిగారు. ఎందుకు అరవలేదు, ఎందుకు నవ్వావు, ఎందుకు వెంటనే చెప్పలేదు. ఏం చెయ్యమంటావని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. కందిరీగ తలుపుని చూసింది, లోపల బల్లని చూసింది. నాకు మాత్రం లోపల ఒకటే గోల, పెట్టెయ్యమని చెప్పవే, ఇంకెంత, పరీక్షలయ్యేదాకా కళ్ళు మూసుకో, డిగ్రీ తెచ్చుకో.

"వద్దు నాన్నా," అంది.

"ఆలోచించుకో అమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "ఏడాది పోతుంది."

అది ఆయన వైపు చూడలేదు. "పరీక్ష పోతుందమ్మా," అన్నాడు మా బావ కూడా, బతిమాలుతున్నట్టు.

"తెలుసు. అయినా వద్దు."

ఆయన రెండో స్క్రూ జేబులో వేసుకుని, మొదటిది విప్పడం మొదలుపెట్టాడు.